పులిగడ్డ నుంచి సాగరసంగమం దాకా

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుంది. చిన్నపాయ తూర్పుకు తిరిగి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్దపాయ దక్షిణంగా నాగాయలంక మీదుగా సాగి, సముద్రం దగ్గరపడ్డాక మళ్లీ గొల్లమత్తపాయ, నడిమేరు, అసలు కృష్ణ అని విడిపోతుంది. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేల దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక మండలాలు పూర్తిగా ఈ దీవిలోనివే. ఏటి అవతల ఉన్న మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల ఊళ్లను కూడా జనం దివిసీమలోనే కలిపి చెప్పుకుంటారు. నేలంతా నది తెచ్చి పోసిన ఒండ్రే. ఎటు చూసినా కొండ ఉండదు, గుట్ట ఉండదు. సముద్రమట్టం కన్నా కొద్ది మీటర్ల ఎత్తున, చాలాచోట్ల అంతకన్నా తక్కువలోనే, పొలాలూ ఊళ్లూ ఉన్నాయి.

ఇంత చదునైన నేల మీద నడిచేవారికి దారి చూపేది చెట్టూ చేమా. నేల ఒక మూర ఎత్తు పెరిగినా తగ్గినా ఇక్కడ మొక్క మారిపోతుంది. నీళ్లలో ఉప్పు కొద్దిగా ఎక్కువైనా మారిపోతుంది. పులిగడ్డ దగ్గర తియ్యనీటి కాలువగట్టు మీద బయలుదేరి, అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి, పాలకాయతిప్ప దాటి సాగరసంగమం చేరేసరికి, ఈ మార్పు మొత్తం కళ్లముందు వరుసగా జరుగుతుంది. తీరికగా నడిచేవారికి రెండు రోజుల దారి. కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు అనువైన కాలం. ఎండ ఇంకా ముదరదు, గట్లు ఆరి ఉంటాయి, వలస పక్షులు తీరానికి వచ్చి ఉంటాయి. అయితే కార్తీకం తుఫాన్ల కాలం కూడా. కాబట్టి వాతావరణ సూచన వినకుండా బయలుదేరకూడదు.

బందరు నుంచి వచ్చేవారు చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ చేరతారు. గుడివాడ నుంచి వచ్చేవారికి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దారి. కోడూరు మండలంలో ఉల్లిపాలెం దగ్గర ఏటి మీద వారధి పడ్డాక బందరు వైపు నుంచి నేరుగా దీవి మధ్యలోకి రావడం కూడా కుదురుతోంది. కానీ మొక్కల క్రమం చూడాలనుకునేవారికి పులిగడ్డే సరైన మొదలు.

పులిగడ్డలో మొట్టమొదట చూడవలసింది అక్విడక్టు. కింద నదీపాయ, దాని మీదుగా కాలువ. విజయవాడ దగ్గర 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట వల్లా, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బరాజ్ వల్లా డెల్టాకు కాలువలు పారాయి. ఆ నీరు ఏటిని దాటి దీవిలోకి రావడానికి ఈ కట్టడం ఆధారం. దీని ప్రాముఖ్యం వేసవిలో బాగా తెలుస్తుంది. పైనుంచి నది పారని నెలల్లో సముద్రపు పోటునీరు పాయ వెంట ఎగువకు వస్తుంది. అప్పుడు అడుగున ఉప్పునీరు, పైన కాలువలో తియ్యనీరు. ఆ పై నీరు అందినంత మేర వరి, అరటి, కొబ్బరి. అందనిచోట ఇంకో లోకం. దివిసీమ మొక్కల కథ అంతా ఈ రెండు నీళ్ల మధ్య నడిచేదే.

కాలువగట్టు మీద నీడ నిద్రగన్నేరు, కానుగ, వేప, గంగరావి చెట్లది. నిద్రగన్నేరు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు; సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది, మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. కానుగ ఈ మట్టిదే. దాని వేర్లు గట్టు మట్టిని జారనివ్వవు, ఉప్పును కూడా కొంత ఓర్చుకుంటాయి. అందుకే కాలువ చివరి దాకా తోడు వచ్చే చెట్టు అదొక్కటే. గంగరావి పువ్వు ఉదయం పసుపుపచ్చగా విచ్చి, సాయంత్రానికి ఎర్రబారి రాలుతుంది. ఒకే కొమ్మకు రెండు రంగుల పూలు కనబడితే అవి రెండు జాతులని కొత్తవారు పొరబడతారు. వయసు తేడా తప్ప మరేమీ లేదు. నీటిలో గుర్రపుడెక్క, అంచున తూటికాడ, జమ్ము. గుర్రపుడెక్క ఊదారంగు పూలు చూడముచ్చటగానే ఉంటాయి కానీ, అది అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చి మన కాలువల గొంతు నొక్కుతున్న మొక్క. నీరు నిలిచినచోటల్లా పేరుకుని, కింది నీటికి గాలీ వెలుతురూ అందనివ్వదు. చివరి భూములకు నీరు అందకపోవడానికి ఉన్న కారణాలలో అదీ ఒకటి.

గట్టుకు నదివైపు లంకభూములు. వరద వచ్చిన ప్రతిసారీ కొత్త ఒండ్రు పరుచుకునే ఈ నేలల్లో అరటి, కంద, పసుపు, తమలపాకు పండుతాయి. వరద ఇచ్చేదీ ఉంది, తీసుకుపోయేదీ ఉంది. 2009 అక్టోబరులో, తిరిగి 2024 సెప్టెంబరులో ప్రకాశం బరాజ్ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం దిగువకు వచ్చినప్పుడు లంకలు మునిగాయి. కరకట్ట నిలుస్తుందో లేదోనని దివిసీమ ఊళ్లు రాత్రంతా కాపలా కాశాయి. లంకల అంచున రెల్లు పెరుగుతుంది. భాద్రపదం, ఆశ్వయుజాల్లో దాని తెల్లని కంకులు ఏటి పొడవునా విచ్చుకుంటాయి. దీన్ని పనికిమాలిన గడ్డిగా తీసిపారేయడం అన్యాయం. కొత్తగా తేలిన ఇసుకదిబ్బ మీద అన్నిటికన్నా ముందు వేరూనేది రెల్లే. దాని వేళ్ల మధ్య ఒండ్రు చిక్కుకుని దిబ్బ పెరిగాకే లంక సాగుకు వస్తుంది.

అవనిగడ్డ దీవికి పెద్ద ఊరు. లంకమ్మ గుడి, లక్ష్మీనారాయణస్వామి గుడి ఇక్కడివే. ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే యువతీ యువకులు రాష్ట్రం నలుమూలల నుంచీ ఈ ఊరికి వచ్చి నెలల తరబడి ఉంటారు. 1977 ఉప్పెన మృతుల స్మారకం కూడా అవనిగడ్డ దగ్గర ఉంది. ఆ ఏడాది నవంబరు 19న వచ్చిన తుఫానుకు సముద్రం దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి, దీవి మీదుగా మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువమంది పోయారన్న మాట సీమలో ఇప్పటికీ వినబడుతుంది. సొర్లగొంది వంటి తీరపు ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొంది. ఈ తీరంలో చెట్ల గురించి మాట్లాడటమంటే ఈ రెండు రాత్రుల గురించి కూడా మాట్లాడటమే.

అవనిగడ్డ దాటాక కనుచూపు మేర నిలబడి కనబడే చెట్టు తాడి. 1977లో కొబ్బరితోటలు వేళ్లతో సహా కూలాయి. తాడిచెట్లలో చాలా భాగం నిలిచాయి, వాటిని కరుచుకుని కొందరు ప్రాణాలు దక్కించుకున్నారు. తాడికి ఒంటికాండం, తల మీద మాత్రమే గట్టి ఆకులు, మట్టిలోకి లోతుగా దిగే వేళ్ల మోపు. గాలికి పట్టు దొరికే కొమ్మలే దానికి లేవు. తాడిలో పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. కాపుకు రావడానికి పన్నెండు పదిహేనేళ్లయినా పడుతుంది. అంత ఓపిక పట్టి చెట్లు నాటేవారు ఇప్పుడు తక్కువ. ఉన్నవాటినేమో ఇటుక బట్టీలకు నరికేస్తున్నారు. వేసవిలో ముంజెలు, ఆ తరువాత తాటిపండు, పండు తిన్నాక టెంకలు పాతిపెడితే శీతకాలానికి తేగలు, ఇంటికప్పుకు ఆకు, బోదె దాటడానికి దూలం, నీరా, కల్లు, బెల్లం. ఒక కుటుంబానికి ఏడాది పొడవునా ఏదో ఒకటి ఇచ్చే ఈ చెట్టును పొలంగట్ల మీద మళ్లీ నాటించడం తుఫాను రక్షణలో భాగమే అవుతుంది.

కోడూరు వైపు దారికి రెండు పక్కలా మాగాణి. సార్వా వరి కోతకు వచ్చే రోజుల్లో ఇక్కడి రైతులు చేసే పని ఒకటి గమనించదగ్గది. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతారు. వరి కోసి పనలు తీసేసరికి మినుము మొలకెత్తి ఉంటుంది. ఆ తరువాత దానికి దుక్కి లేదు, తడి లేదు. మట్టిలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు చాలు. ఫిబ్రవరి, మార్చికి చేతికి వస్తుంది. గింజలు వేళకు పడాలి, పదును తప్పకూడదు. కృష్ణా డెల్టా రైతు నేర్పు ఎంతటిదో ఈ ఒక్క పనిలో చూడవచ్చు. పైగా మినుము వేళ్లలోని బుడిపెలు నేలకు నత్రజని కూడా చేరుస్తాయి. తడి మళ్లలో నత్తల కోసం నత్తగొట్టుకొంగలు దిగుతాయి. మూసినా మధ్యలో సందు ఉండే ముక్కు వాటి గుర్తు. బోదెల మీద తీగలపై లకుముకిపిట్టలు, గట్ల వెంట గుడ్డికొంగలు. గుడ్డికొంగ కూర్చున్నంతసేపూ మట్టిరంగులో ఉండి కనబడదు, లేచిన క్షణంలో తెల్లని రెక్కలు విప్పుతుంది.

కోడూరు దాటినకొద్దీ వరి పలచబడి చెరువులు మొదలవుతాయి. ఇవి తాగునీటి చెరువులు కావు, చేపల చెరువులు కూడా కొద్దిగానే. ఎక్కువ భాగం రొయ్యలవి. 1980ల చివర్లో, 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఈ సాగు పెరిగింది. తెల్లమచ్చ తెగులుతో అది దెబ్బతింది. 2009లో అనుమతి వచ్చాక పసిఫిక్ తీరపు వనామీ దాని చోటు తీసుకుంది. ఎందరికో బతుకుతెరువు, కొందరికి మంచి ఆదాయం. ఇది కాదనలేని సంగతి. కానీ ఉప్పునీటి చెరువు పక్క వరిచేలోకి ఊట దిగుతుంది. ఆ చేను దిగుబడి మొదట తగ్గుతుంది, తరువాత నేల తెల్లగా ఉప్పు పేరుతుంది, చివరకు ఆ చేనూ చెరువవుతుంది. నడిచేవారు ఈ మూడు దశలనూ పక్కపక్కనే చూడవచ్చు. చెరువుగట్ల మీద చెట్టన్నది దాదాపు ఉండదు. ఉన్నది సర్కారుతుమ్మ. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి తెచ్చి ఎండిన నేలల్లో వేసిన ఈ ముళ్లచెట్టు ఉప్పునేలను కూడా ఆక్రమించింది. పొయ్యికి కట్టె ఇస్తుంది, బొగ్గు ఇస్తుంది. తన కింద ఇంకో మొక్కను మాత్రం బతకనివ్వదు.

చెరువులు ఆగిపోయినచోట, పోటునీరు నెలకు ఒకటి రెండుసార్లే ఎక్కే చదునుల మీద, మోకాలెత్తు కూడా లేని ఉప్పుమొక్కలు పరుచుకుంటాయి. వీటిలో ఇలకూర ఒకటి. ఆకులు, కాడలు కండపట్టి నీరు నింపుకుని ఉంటాయి. నేలలోని ఉప్పును బయటకు తోయలేని మొక్క దాన్ని నీటితో పలచన చేసుకుని బతుకుతోందన్నమాట. వేసవి ముదిరి ఉప్పు ఎక్కువైనప్పుడు ఈ పచ్చదనం ఎర్రబారుతుంది. ఎకరాలకు ఎకరాలు కుంకుమరంగుకు తిరిగిన ఆ నేల దివిసీమలో అందరూ చూడని, కానీ తప్పక చూడవలసిన దృశ్యం. తీరపు ఊళ్లవారు లేత ఇలకూరను ఉడకబెట్టి, ఆ నీరు వంపేసి వండుకుంటారు. కూరలో ఉప్పు వేయనక్కరలేదు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఇక్కడ ఏటిలో మునిగిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. మాఘపూర్ణిమకు స్వామికి కల్యాణం జరుగుతుంది. ఆనాడు వేలాదిమంది సంగమంలో స్నానానికి వస్తారు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే ఈ దారి ఆ రెండు మూడు రోజులు బండ్లతో, జనంతో నిండుతుంది. మొక్కలు చూడటానికి వచ్చేవారు తిరునాళ్లు అయ్యాక వారం పది రోజులు ఆగి రావడం మంచిది.

హంసలదీవి నుంచి పాలకాయతిప్ప దారిలో నేల మళ్లీ కొంచెం లేస్తుంది. ఒకప్పటి తీరరేఖలు వదిలివెళ్లిన ఇసుక మెరకలు ఇవి. మెరక మీద తాడి, సరుగుడు; పల్లంలో మొగలిపొదలు, పోటునీరు చేరే బాడవ. ఇసుక కింద వాననీరు ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. అందుకే సముద్రానికి కూతవేటు దూరంలో తవ్విన చిన్న చెలమలో కూడా తియ్యనీరు దొరుకుతుంది. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. తీరంలో నివసించేవారికి ఈ లెక్క పుస్తకం చదవకుండానే తెలుసు.

సరుగుడు ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల చెట్టు. వేళ్లలో చేరే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది కాబట్టి సారంలేని ఇసుకలోనూ అయిదారేళ్లలో ఎత్తు పెరుగుతుంది. 1977 తరువాత తీరం పొడవునా దీన్ని గాలికి అడ్డుగోడగా నాటారు. గాలి విసురు తగ్గించే మాట నిజం, కట్టె అమ్ముకుంటే ఆదాయమూ నిజం. కానీ రాలిన సన్నని ఆకుల మందపాటి పరుపు కింద మరో మొక్క లేవదు. అలల అంచుదాకా నాటినచోట తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా పోతుంది. సరుగుడు వెనక వరుసలో ఉండాలి. ముందు వరుస ఇసుకతీగలది.

ఆ ముందు వరుసలో మొదటిది బాలబంద. మేకడెక్కలా మధ్యలో చీలిన దళసరి ఆకు, ఊదా గులాబీ కలిసిన గంటపువ్వు. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి వాడుతుంది. తీగ కణుపు కణుపుకూ వేరు దించుతూ ఇసుక మీద బారల కొద్దీ పాకుతుంది. గాలి ఇసుక తెచ్చి పూడ్చేసినా మళ్లీ పైకి లేస్తుంది. దీని గింజ సముద్రంలో నెలల తరబడి తేలుతుంది, మొలకెత్తే శక్తి పోదు. అందుకే ఇదే తీగ హవాయి దీవుల్లోనూ, కరీబియన్ తీరంలోనూ, బ్రెజిల్‌లోనూ ఉంది. పాలకాయతిప్ప ఇసుక మీద నిలబడి చూసే పువ్వును ప్రపంచంలోని ఉష్ణమండల తీరాలన్నీ చూస్తున్నాయి. రెండోది రావణాసురుడి మీసం అనే గడ్డి. కొసలు సూదుల్లా గుచ్చుకుంటాయి. ఇందులోనూ ఆడ, మగ వేరు. ఆడ గడ్డికి పుచ్చకాయంత ముళ్ల బంతి వస్తుంది. ఎండాక తెగి, గాలికి తీరం వెంట దొర్లుకుంటూ పోయి, ఇసుకలో దిగబడినచోట గింజ వదులుతుంది. పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. ఈ రెండూ కలిసి ఇసుకను పట్టి దిబ్బ కట్టకపోతే వెనక ఉన్న ఊరికి మొదటి అడ్డే ఉండదు. వాహనాలు తీరం మీదికి తోలి వీటిని తొక్కించడం చిన్న తప్పేమీ కాదు.

తడి ఇసుక మీద ఎర్రపీతలు వేలకొద్దీ. అడుగుల అదురుకే బొరియల్లోకి దూరతాయి, కదలకుండా నిలబడితే కాసేపట్లో మళ్లీ బయటకు వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు ఇసుకలో గోతిలో పెట్టి కప్పి వెళ్లిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో తేలుతుంది. నక్కలు, కుక్కలు తవ్వి తినేయకుండా అటవీశాఖ గుడ్లు సేకరించి, కంచె లోపల పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతుంది. ఆ నెలల్లో రాత్రిపూట ఒడ్డున లైట్లు వేయకూడదు. కొత్తగా పుట్టిన పిల్ల నీటి మెరుపును చూసి సముద్రం వైపు వెళుతుంది. వేరే వెలుగు కనబడితే దారి తప్పి చస్తుంది.

పాలకాయతిప్ప నుంచి సంగమం వైపు నడుస్తుంటే ఎడమ చేతివైపు మడ అడవి తగులుతుంది. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఇదే. 1989లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ అడవులు ఒకవైపు, నది ఆవల లంకెవానిదిబ్బ, అడవులదీవి మరోవైపు ఇందులో చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 400 పైచిలుకు చదరపు కిలోమీటర్ల మడ అడవిలో కోరంగి తరువాత చెప్పుకోవలసింది ఇదే.

ఇక్కడ ఎక్కువగా ఉన్నది తెల్లమడ. కృష్ణ ముఖద్వారంలో ఉప్పు ఎక్కువ, తియ్యనీరు తక్కువ. అంత ఉప్పును ఓర్చుకోవడంలో తెల్లమడ మిగిలినవాటి కన్నా గట్టిది. బురద గాలి చొరనివ్వదు కాబట్టి దాని వేళ్లు చెట్టు చుట్టూ జానెడు ఎత్తున నిటారుగా పైకి మొలుస్తాయి. ఊపిరి తీసుకునేది వాటితోనే. ఒక్క చెట్టు చుట్టూ అవి వేలల్లో ఉంటాయి. ఆటుపోటు చూసుకోకుండా అందులోకి అడుగు వేస్తే కాలికి గాయం తప్పదు. పీల్చుకున్న ఉప్పును చెట్టు ఆకుల మీదికి విసర్జిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో ఆకు మీద వేలు రాసి నాలుకకు ఆనించినవారికి వేరే రుజువు అక్కర్లేదు. గేదెలు ఈ ఆకును ఇష్టంగా తింటాయి. అదే కొన్నిచోట్ల లేత మొక్కలు ఎదగకపోవడానికి కారణం. నల్లమడ ఆకు ఇంకొంచెం గుండ్రం, చెట్టు ఇంకొంచెం ఎత్తు; తియ్యనీరు కలిసే పాయల ఒడ్డున ఉంటుంది.

కాలువల అంచుల్లో ఉప్పుపొన్న. కాండం నుంచి విల్లులా వంగి బురదలో దిగే ఊతవేళ్లు దాని గుర్తు. దీని గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి కాడగా వేలాడుతుంది. బరువెక్కాక నిటారుగా రాలి, నీరు తీసిన వేళ అయితే అక్కడే బురదలో గుచ్చుకుంటుంది, పోటు వేళ అయితే తేలిపోయి ఇంకోచోట నాటుకుంటుంది. ఉప్పు బురదలో గింజ మొలవడం కష్టం కాబట్టి తల్లిచెట్టు ఆ కష్టాన్ని తానే తీసుకుంది. కొద్దిగా మెరక మీద తిల్లచెట్టు. రాలే ముందు ఆకులు ఎర్రగా మారి అడవికి రంగు తెస్తాయి. కానీ దీని పాలు కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోతుంది. కట్టె కొట్టేవారు సైతం దీనికి దూరంగా ఉంటారు. నడిచేవారు కొమ్మ విరవకుండా ఉంటే చాలు. తెల్లని పూలగుత్తుల గుగ్గిలం, ముళ్ల ఆకులూ నీలిరంగు పూలూ ఉండే ఆల్చి కాలువ పక్కల కనబడతాయి.

ఈ అడవి నీడలో చేపలు, రొయ్యలు పిల్లలుగా పెరుగుతాయి. బురద బొరియల్లో మండపీతలు ఉంటాయి. వాటిని యానాదులు వట్టిచేత్తోనూ ఇనుప కొక్కెంతోనూ పట్టే నేర్పు చూసి తీరాలి. బొరియ వాలును బట్టి లోపల పీత ఉందో లేదో చెబుతారు. బావురుపిల్లి ఇక్కడి అరుదైన జంతువు. నీటిలోకి దూకి చేపను పట్టే ఈ అడవిపిల్లి రాత్రి తిరుగుతుంది. అటవీశాఖ, పరిశోధకులు పెట్టిన కెమెరాల్లో తప్ప మనిషి కంటికి కనబడటం చాలా అరుదు. నీటికుక్కలు మాత్రం తెల్లవారుజామున పాయల్లో గుంపుగా కనబడవచ్చు. చలికాలంలో ఉత్తరాసియా నుంచి వచ్చే ఉల్లంకులు నీరు తీసిన బురద మీద పొడుచుకుంటూ తిరుగుతాయి.

మడ అడవి ఉప్పెనను ఆపలేదు, కానీ దాని విసురు తగ్గిస్తుంది. 1999 ఒడిశా పెనుతుఫాను తరువాత కేంద్రపాడా జిల్లాలో జరిగిన పరిశీలనలో, ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి మందంగా ఉన్నచోట మరణాలు తక్కువని తేలింది. ఇక్కడ గతంలో వంటచెరకుకూ రొయ్యల చెరువులకూ అడవి చాలా పోయింది. తిరిగి పెంచడానికి వనసంరక్షణ సమితులు, అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి చేసిన పని చెప్పుకోదగ్గది. నీరు నిలిచి ఉప్పు గట్టిపడిన పల్లాలకు ప్రధాన కాలువ ఒకటి తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీశారు. పోటునీరు లోపలికి వచ్చి, ఆటుకు తిరిగి పోతుంటే నేల కడుక్కుంది. ఆ కాలువల ఒడ్డున నాటిన తెల్లమడ నిలిచింది. మొక్క నాటడం కన్నా నీటికి దారి చేయడమే అసలు పని అని ఈ అనుభవం చూపింది.

ఇప్పుడు ఉన్న ముప్పు ఎగువ నుంచి వస్తున్నది. నాగార్జునసాగర్ 1967 నుంచి, ఆ తరువాత కట్టిన ఇతర జలాశయాలు నది ఒండ్రును ఆపేస్తున్నాయి. వరద నెలలు తప్పితే సముద్రానికి చేరే తియ్యనీరు నామమాత్రం. ఒండ్రు రాకపోతే డెల్టా అంచు అలలకు కోసుకుపోతుంది; తియ్యనీరు రాకపోతే ఉప్పుపొన్న, నల్లమడ వంటివి తగ్గి తెల్లమడ ఒక్కటే మిగులుతుంది. ఈ దారిలో తీరం దగ్గర వేళ్లు బయటపడి ఒరిగిన చెట్లు కనబడితే కారణం అదే.

అడవి అంచు దాటాక ఇసుకకొమ్ము, దాని కొసన సాగరసంగమం. వర్షాకాలపు చివర్లో వచ్చినవారికి నది ఎర్రనీరూ సముద్రపు నీలినీరూ కలిసే గీత స్పష్టంగా కనబడుతుంది. వేసవిలో రెండూ ఒకే రంగు. ఇసుకకొమ్ము ఏటా ఒకే చోట ఉండదు. పెద్ద వరద వస్తే తెగుతుంది, తుఫాను వస్తే వంగుతుంది, మళ్లీ పెరుగుతుంది. ముఖద్వారం దగ్గర లోపలి సుడులు బలమైనవి. నీటిలో దిగినవారు కొట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి స్నానం ఒడ్డునే, తోడు ఉన్నప్పుడే. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ముందునాటి కన్నా ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. ఆ వేళను పాలకాయతిప్పలో జాలర్లను అడిగి తెలుసుకుని, నీరు తీస్తున్నప్పుడు బయలుదేరి, తిరిగి ఎక్కకముందే వెనక్కి రావాలి. అభయారణ్యంలోపలి పాయలు, ఈలచెట్లదిబ్బ వైపు దీవులు చూడాలనుకునేవారికి దారి వేరు: నాగాయలంక వెళ్లి, అటవీశాఖ అనుమతి తీసుకుని, అక్కడి నుంచి పడవ ఎక్కాలి.